కుక్కలలో అంటుకునే కణితి: కారణం వైరసా, కణమా?

గుణదల టీచర్ అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఉన్నత పాఠశాల విద్యార్థులకు జీవశాస్త్రం బోధిస్తాను. మా వీధిలో నేను రోజూ అన్నం పెట్టే ఆడకుక్కకు కొంతకాలంగా వెనుక నుంచి చుక్కలు చుక్కలుగా రక్తం కారుతోంది. ఎదకు వచ్చి ఉంటుందని ఇరుగుపొరుగువారు అన్నారు గానీ, ఎద ముగియవలసిన గడువు దాటినా రక్తం ఆగకపోవడంతో పశువైద్యశాలకు తీసుకువెళ్లాను. డాక్టరుగారు తొడుగులు వేసుకుని పరీక్షించి, యోనిద్వారం లోపల కాలీఫ్లవర్ ఆకారంలో ఎర్రగా పెరిగిన కండను చూపించారు. గాజు పలకను ఆ కండకు అద్ది, ఆరబెట్టి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి, ఇది టీవీటీ (ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్) అనీ, జత కట్టినప్పుడు ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటుకునే క్యాన్సర్ అనీ చెప్పారు.

నా సందేహం ఇక్కడే మొదలైంది. క్యాన్సర్ అంటే ఆ జీవి సొంత కణాలే అదుపు తప్పి పెరగడమనీ, అది ఒకరి నుంచి ఒకరికి అంటదనీ మేము పిల్లలకు చెబుతాము. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వంటి వాటిలో కూడా అంటుకునేది పాపిలోమా వైరసే తప్ప క్యాన్సర్ కాదు. పిల్లులలో ల్యుకేమియా వైరస్ వల్ల లింఫోమా అనే క్యాన్సర్ వస్తుందనీ, గుర్రాల చర్మం మీద వచ్చే సార్కాయిడ్ అనే కణితికి పశువుల పాపిలోమా వైరస్ కారణమనీ చదివాను. మరి కుక్కలలో వచ్చే ఈ కణితి వెనుక ఏ వైరస్ ఉంది? వైరస్ లేకపోతే, ఒక కుక్క కణం మరో కుక్క ఒంట్లో ఎలా బతుకుతుంది? అవయవ మార్పిడిలో కణజాలం సరిపోలకపోతే శరీరం దానిని తిరస్కరిస్తుంది కదా?

గాజు పలక మీద అద్ది చూసినంత మాత్రాన రోగ నిర్ధారణ పూర్తయినట్లేనా, ముక్క తీసి బయాప్సీకి పంపడం అవసరమా అన్నది కూడా దయచేసి చెప్పండి. మా వీధి పిల్లలు ఆ కుక్కను తాకుతుంటారు, మా ఇంట్లో ఒక పిల్లి కూడా ఉంది. వారికి ఏమైనా ప్రమాదం ఉందా?

విశ్రాంత పాథాలజీ అధ్యాపకుడు ఇచ్చిన సమాధానం

టీచర్ గారికి నమస్కారం. ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఈ కణితి మనుషులకు గానీ పిల్లులకు గానీ అంటదు. కుక్కతో పాటు దానికి దగ్గరి బంధువులైన నక్క, తోడేలు జాతులలో కొన్నింటికి ప్రయోగశాలలో ఎక్కించగలిగారు, అంతే. పిల్లలు చేతులు కడుక్కోవడం, రక్తం కారుతున్న కుక్కను తాకకుండా ఉండడం వేరే కారణాల వల్ల కూడా మంచిది గానీ, ఈ కణితి విషయంలో భయం అక్కర్లేదు.

అంటుకునే కణితి కనబడితే మొదట వైరస్‌ను అనుమానించడం పాథాలజీలో ఎంతో కాలంగా ఉన్న పద్ధతి. మీరు చెప్పిన రెండు ఉదాహరణలలోనూ ఆ అనుమానం నిజమైంది. గుర్రం విషయంలో, ఆవు పులిపిరి నుంచి తీసిన సారాన్ని గుర్రం చర్మంలోకి ఎక్కిస్తే సార్కాయిడ్‌ను పోలిన గడ్డలు వస్తాయని ఓల్సన్, కుక్ అనే ఇద్దరు పరిశోధకులు 1951లోనే చూపించారు. పిల్లి విషయంలో, 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం లింఫోమా వచ్చిన పిల్లి కణాలలో వైరస్ రేణువులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో గుర్తించింది. ఆ రెండింటిలోనూ ఒక జంతువు నుంచి మరో జంతువుకు చేరేది వైరస్. అది చేరిన తర్వాత కణితిగా మారేది మాత్రం ఆ గుర్రం సొంత కణమే, ఆ పిల్లి సొంత కణమే.

కుక్కలోని టీవీటీలో చేరేది కణితి కణమే. దీనికి మొదటి ఆధారం ప్రయోగం ద్వారా వచ్చింది. 1876లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మిస్తిస్లావ్ నొవీన్‌స్కీ అనే పశువైద్యుడు ఒక కుక్క కణితి నుంచి ముక్కలు తీసి కుక్కపిల్లలకు అంటు కట్టగా, అవి అక్కడ పెరిగాయి. కణితిని ఒక జంతువు నుంచి మరో జంతువుకు ప్రయోగపూర్వకంగా మార్పిడి చేయడంలో తొలి విజయంగా దానిని చెబుతారు. బతికి ఉన్న కణాలు ఎక్కిస్తేనే కణితి వస్తుందనీ, కణాలను చంపి ఎక్కించినా, కణాలను వడగట్టి తీసివేసిన ద్రవాన్ని ఎక్కించినా రాదనీ తర్వాతి పరిశోధకులు గమనించారు. వైరస్ అయితే వడపోతలో జారి వచ్చి పని చేసి ఉండేది.

రెండో ఆధారం క్రోమోజోములు. మామూలు కుక్క కణంలో 78 క్రోమోజోములు ఉంటాయి. ఈ కణితి కణాలలో అవి 57 నుంచి 64 వరకే ఉంటాయి, పైగా వాటిలో కొన్ని రెండేసి ఒకదానికొకటి అతుక్కున్న రూపంలో కనిపిస్తాయి. వేర్వేరు దేశాల కుక్కల కణితులలో ఇదే అమరిక కనబడడం యాదృచ్ఛికం కాజాలదు.

సందేహానికి తావు లేకుండా తేల్చినది 2006లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ నుంచి వెలువడిన పరిశోధన. క్లాడియో ముర్గియా, రాబిన్ వైస్, వారి సహచరులు ఇటలీ, భారతదేశం, కెన్యాలలోని కుక్కల నుంచి కణితినీ, అదే కుక్క రక్తాన్నీ సేకరించి రెండింటి డీఎన్‌ఏలనూ పోల్చారు. కణితి డీఎన్‌ఏ ఆ కుక్క రక్తంతో సరిపోలలేదు. కానీ వేర్వేరు దేశాల కుక్కల కణితులు మాత్రం ఒకదానితో ఒకటి సరిపోలాయి. అంటే మీ వీధి కుక్కలో పెరుగుతున్న కండ దానిది కాదు. ఎప్పుడో చనిపోయిన మరో కుక్క కణాల సంతతి అది.

ఇక స్మియర్, అంటే గాజు పలక మీద అద్ది తీసిన నమూనా గురించి. మీ డాక్టరుగారు గాజు పలక మీద చూసినవి ఇలా ఉండి ఉంటాయి: గుండ్రటి లేదా కాస్త కోలగా ఉన్న కణాలు గుంపు కట్టకుండా విడివిడిగా పరుచుకుని ఉంటాయి. కేంద్రకం గుండ్రంగా, ముతక క్రొమాటిన్‌తో, లోపల ఒకటో రెండో పెద్ద కేంద్రకాంశాలతో కనిపిస్తుంది. లేత నీలి రంగు కణద్రవ్యంలో అంచు స్పష్టంగా ఉన్న చిన్న చిన్న గుండ్రటి ఖాళీలు వరుసగా ఉంటాయి. విభజన దశలో ఉన్న కణాలు మామూలు కంటే ఎక్కువగా కనబడతాయి. గీమ్సా గానీ లీష్మన్ గానీ రంగు వేసిన స్లైడు మీద ఆ ఖాళీల వరుసను ఒకసారి శ్రద్ధగా చూసినవారికి మళ్లీ పుస్తకం తెరవవలసిన పని ఉండదు. జననాంగం మీద ఉన్న కణితిలో ఈ లక్షణాలన్నీ కలిసి కనిపిస్తే స్మియర్ సరిపోతుంది, బయాప్సీ కోసం ఆ కుక్కను ఇబ్బంది పెట్టనవసరం లేదు.

అదే కణితి ముక్కులోనో, నోటిలోనో, చర్మం మీదనో మాత్రమే ఉంటే నేను బయాప్సీ అడుగుతాను. లింఫోమా, మాస్ట్ సెల్ కణితి, హిస్టియోసైటోమా, ప్లాస్మా కణాల కణితి ఇవన్నీ గుండ్రటి కణాల కుటుంబంలోవే. హిస్టోపాథాలజీలో, అంటే కోసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసినప్పుడు కూడా ఇవి ఒకదానినొకటి పోలి ఉండి తడబాటు కలిగించవచ్చు. అప్పుడు ఒక్కో ప్రొటీన్‌ను రంగుతో గుర్తించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ తోడ్పడుతుంది. టీవీటీ కణాలు విమెంటిన్‌కు రంగు పట్టుకుంటాయి, చాలా సందర్భాలలో లైసోజైమ్‌కు కూడా పట్టుకుంటాయి, కెరాటిన్‌కు పట్టుకోవు. అంతకంటే గట్టి రుజువు కావాలంటే పీసీఆర్ ఉంది. ఈ కణితిలో ఎంవైసీ అనే జన్యువు పక్కన లైన్-1 అనే డీఎన్‌ఏ తునక ఒకటి చొరబడి ఉంటుంది, ఆ చోట అది కుక్క మామూలు కణాలలో ఉండదు. 1980లలో ఇజ్రాయెల్ పరిశోధకులు గుర్తించిన ఆ గుర్తు ఈనాటికీ నిర్ధారణకు పనికివస్తోంది.

రాయలసీమలో పనిచేస్తున్న పశువైద్యుడు ఇచ్చిన సమాధానం

మాస్టారు చెప్పిన పాథాలజీకి చికిత్స వైపు నుంచి కొంత చేర్చదలచాను. టీచర్ గారూ, మీ కుక్క విషయంలో ధైర్యంగా ఉండండి. క్యాన్సర్ అన్న మాట వినగానే చాలామంది ఇక లాభం లేదని కుక్కను వదిలేస్తారు గానీ, మందుకు ఇంత చక్కగా లొంగే కణితులు మా వృత్తిలో అరుదు.

విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్‌ను వారానికి ఒకసారి, శరీర ఉపరితల వైశాల్యం చదరపు మీటరుకు 0.5 నుంచి 0.7 మిల్లీగ్రాముల లెక్కన, నరంలోకి ఇస్తాము. చాలా కుక్కలలో నాలుగు నుంచి ఆరు వారాలలో కణితి పూర్తిగా కరిగిపోతుంది, కొన్నింటికి ఎనిమిది వారాల వరకు పట్టవచ్చు. మొదటి రెండు మోతాదులకే రక్తం కారడం తగ్గి, కండ ముడుచుకుపోవడం కంటికి కనిపిస్తుంది. చిక్కు కూడా అక్కడే వస్తుంది. రక్తం ఆగింది కదా అని తర్వాతి వారం కుక్కను తీసుకురావడం మానేస్తారు, అప్పుడు మిగిలిపోయిన కణాలు తిరిగి పెరుగుతాయి. కంటికి కణితి కనిపించకుండా పోయే వరకు, డాక్టరుగారు చాలు అనే వరకు మోతాదులు పూర్తి చేయించండి.

ఈ మందు నరం బయటకు ఒక్క చుక్క కారినా చుట్టూ ఉన్న కండ కుళ్లి పుండు పడుతుంది. అందుకే కాలి నరంలో క్యాథెటర్ సరిగా కూర్చుందని సెలైన్ ఎక్కించి చూసుకున్న తర్వాతే మందు ఎక్కించాలి, కుక్క కదలకుండా పట్టుకునే మనిషి తప్పనిసరిగా ఉండాలి. ప్రతి మోతాదుకు ముందు రక్త పరీక్ష చేయించమని కోరండి. తెల్ల రక్తకణాలు మైక్రోలీటరుకు 4,000 కంటే తగ్గితే ఆ వారం మోతాదు ఆపి, కోలుకున్నాక ఇవ్వాలి. మన ప్రాంతంలో వీధి కుక్కలకు గోమార్లు విపరీతం. వాటి వల్ల వచ్చే ఎర్లీషియా అనే వ్యాధి ఇప్పటికే రక్తకణాలను తగ్గించి ఉంటే, దాని సంగతి చూడకుండా ఈ మందు మొదలుపెట్టకూడదు. ఇంజెక్షన్ ఇచ్చిన తర్వాత ఒకటి రెండు రోజులు కుక్క మూత్రాన్నీ మలాన్నీ చేతి తొడుగులు లేకుండా శుభ్రం చేయకండి. గర్భిణులు అసలు దగ్గరకు రాకూడదు. టీచర్ గారు కణితి గురించి అడిగిన భయం నిజానికి మందు విషయంలో ఉండవలసినది.

కణితిని కోసి తీసేయమని కొందరు అడుగుతారు. చిన్నదిగా, విడిగా ఉంటే కోయవచ్చు గానీ, కోత తర్వాత తిరిగి రావడం ఎక్కువ, కోసేటప్పుడు జారిన కణాలు కోత గాయంలోనే నాటుకునే ప్రమాదమూ ఉంది. విన్‌క్రిస్టిన్‌కు లొంగని కొద్ది కుక్కలలో డాక్సోరూబిసిన్ గానీ, సౌకర్యం ఉన్నచోట రేడియేషన్ గానీ పని చేస్తాయి.

బయాప్సీ విషయంలో మాస్టారితో చిన్న భేదాభిప్రాయం ఉంది. ముక్కులో కణితి ఉన్న ప్రతి కుక్కకూ మత్తు ఇచ్చి ముక్క తీయడం మా వంటి మండల ఆసుపత్రిలో సాధ్యం కాదు. ఆ రూపం చాలావరకు మగ కుక్కలలోనే కనిపిస్తుంది, ఎందుకంటే అవి ఆడకుక్కల జననాంగాలను వాసన చూస్తూ, నాకుతూ కణాలను ముక్కులోకి, నోటిలోకి తెచ్చుకుంటాయి. తుమ్ములు, ఒక్క ముక్కు రంధ్రం నుంచే రక్తం, కంటి కింద వాపు ఉన్న మగ వీధి కుక్క వస్తే, ముక్కు లోపలికి దూది పుల్ల తిప్పి తీసిన స్మియర్‌తోనే నేను చాలాసార్లు నిర్ధారణకు వచ్చాను.

ఏబీసీ (వీధి కుక్కల జనన నియంత్రణ) శస్త్రచికిత్సలకు తెచ్చిన ప్రతి కుక్కనూ మత్తులో ఉన్నప్పుడే ఒకసారి జననాంగాలు, ముక్కు, నోరు చూసి పంపడం అలవాటు చేసుకోవాలని నా సహోద్యోగులను ఈ సందర్భంగా కోరుతున్నాను. కణితి ఉన్న కుక్కకు గర్భనిరోధక శస్త్రచికిత్స చేసి వీధిలో వదిలేస్తే, అది జత కట్టడం తగ్గినా, ఇతర కుక్కలు నాకడం ద్వారా వ్యాధి సాగుతూనే ఉంటుంది.

గుణదల టీచర్

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఈ ఉదయమే మొదటి ఇంజెక్షన్ పూర్తయింది, రక్త పరీక్షలో కణాల సంఖ్య బాగానే ఉందన్నారు.

నా ప్రశ్నలో ఒక భాగం ఇంకా మిగిలి ఉంది. అది వేరే కుక్క కణమైతే, మా కుక్క రోగనిరోధక వ్యవస్థ దానిని ఎందుకు గుర్తించడం లేదు? అలాగే, ఆ చనిపోయిన కుక్క ఎప్పటిదన్నది ఎవరైనా లెక్క కట్టగలిగారా?

పశు జీవసాంకేతిక శాస్త్రంలో పరిశోధక విద్యార్థిని ఇచ్చిన సమాధానం

టీచర్ గారూ, మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే నన్ను ఈ రంగంలోకి తీసుకువచ్చినది అదే.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ మర్చిసన్ నాయకత్వంలోని బృందం 2014లో రెండు కణితుల పూర్తి జన్యుపటాలను ప్రచురించింది. ఒకటి ఆస్ట్రేలియాలోని ఆదివాసుల శిబిరంలో ఉండే కుక్కది, మరొకటి బ్రెజిల్‌లోని కాకర్ స్పానియల్‌ది. భూగోళానికి చెరో వైపున ఉన్న ఆ రెండు కుక్కల కణితులూ ఒకే మూలం నుంచి వచ్చినవేననీ, వాటిలో దాదాపు 19 లక్షల ఉత్పరివర్తనలు (డీఎన్‌ఏ మార్పులు) పేరుకుని ఉన్నాయనీ తేలింది. మనుషుల క్యాన్సర్లలో ఎక్కువ భాగం కొన్ని వేల ఉత్పరివర్తనలతోనే ఉంటాయి. వందలాది జన్యువులను పోగొట్టుకుని కూడా ఈ కణం బతికే ఉంది.

2019లో అదే బృందం 43 దేశాల నుంచి సేకరించిన 546 కణితులను పరిశీలించి, ఈ కణితి 4,000 నుంచి 8,500 సంవత్సరాల క్రితం ఆసియాలో పుట్టిందనీ, ప్రపంచమంతటా వ్యాపించడం మాత్రం గత 500 సంవత్సరాలలో, మనుషుల ప్రయాణాలతో పాటే జరిగిందనీ అంచనా కట్టింది. ఓడలలో వెళ్లిన కుక్కలు తమతో పాటు దీనినీ తీసుకువెళ్లాయి. ఆ మొదటి కుక్కకు ఇప్పటి జాతులలో దగ్గరి చుట్టాలు దాదాపు లేవు. కొలంబస్ రాకకు ముందు అమెరికా ఖండాలలో ఉండి, తర్వాత దాదాపు అంతరించిపోయిన కుక్కలు దానికి అత్యంత దగ్గరివని 2018లో వచ్చిన మరో పరిశోధన చెప్పింది. ఆ కుక్కలు ఎముకలుగా మిగిలాయి, ఈ ఒక్క వంశం మాత్రం కణాలుగా మీ వీధి దాకా వచ్చింది.

ఇంకొక విషయం నాకు మరీ ఆశ్చర్యంగా అనిపిస్తుంది. మైటోకాండ్రియాలకు సొంత డీఎన్‌ఏ ఉంటుందని మీరు పాఠం చెబుతారు కదా. ఈ కణితి కణాలు అప్పుడప్పుడు తాము పెరుగుతున్న కుక్క కణాల నుంచి మైటోకాండ్రియాలను తీసుకుంటాయి. 39 దేశాలకు చెందిన 449 కణితులను పరిశీలించిన 2016 నాటి పరిశోధనలో, చరిత్రలో కనీసం ఐదుసార్లు ఇలా జరిగినట్లు తేలింది. వేల ఏళ్లుగా విభజన చెందుతున్న కణంలో మైటోకాండ్రియాలు దెబ్బతిని ఉంటాయనీ, అందువల్ల కొత్తవాటిని అందుకున్న కణాలు నిలదొక్కుకున్నాయనీ ఒక ఊహ ఉంది.

రోగనిరోధక వ్యవస్థ సంగతికి వస్తాను. మీరు అవయవ మార్పిడిని ప్రస్తావించడం సరిగ్గా సరిపోతుంది. ఒక కణం తనదో పరాయిదో శరీరం గుర్తుపట్టేది ముఖ్యంగా కణం పైపొర మీద ఉండే ఎంహెచ్‌సీ అణువుల ద్వారా. ఈ కణితి పెరిగే దశలో ఆ అణువులను దాదాపుగా బయటపెట్టదు. పైగా టీజీఎఫ్-బీటా అనే పదార్థాన్ని విడుదల చేసి, చుట్టూ చేరిన రక్షక కణాల పనిని అణచివేస్తుంది. అయితే ఈ దాగుడుతనం శాశ్వతం కాదు. కణితిలోకి చేరిన లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు విడుదల చేసే ఐఎల్-6 అనే సంకేత ప్రొటీన్ ఆ అణచివేతను ఎదుర్కొన్నప్పుడు, కణితి కణాల మీద ఎంహెచ్‌సీ తిరిగి కనిపించడం మొదలవుతుంది, శరీరం వాటిని గుర్తుపట్టి దాడి చేస్తుంది. ప్రయోగశాలలో కణితిని ఎక్కించిన ఆరోగ్యవంతమైన పెద్ద కుక్కలలో, కొన్ని నెలలు పెరిగిన తర్వాత కణితి దానంతట అదే తగ్గిపోవడం అందువల్లనే. కోలుకున్న కుక్కలకు తిరిగి ఎక్కిస్తే సాధారణంగా అంటదు. చిన్న కుక్కపిల్లలలోను, బలహీనపడిన కుక్కలలోను మాత్రం ఇది శరీరంలో ఇతర భాగాలకు పాకవచ్చు.

విన్‌క్రిస్టిన్ అంత బాగా పని చేయడానికి కారణం కూడా కొంతవరకు ఇదేనని ఇప్పుడు భావిస్తున్నారు. మందు కొన్ని కణాలను నేరుగా చంపుతుంది. ఆ కల్లోలంలో శరీరం మేల్కొని మిగతా పని పూర్తి చేస్తుంది. తగ్గుతున్న కణితి నుంచి తీసిన స్లైడులో లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు కణితి కణాల మధ్యకు చొచ్చుకువచ్చి, వాటి స్థానంలో పీచు కణజాలం ఏర్పడడం కనిపిస్తుంది. పెరుగుతున్న దశలోని స్లైడునూ, తగ్గుతున్న దశలోని స్లైడునూ పక్కపక్కన పెట్టి చూడడం మా ప్రయోగశాలలో కొత్త విద్యార్థులకు నేను మొదట చూపించే పని.

ప్రకృతిలో ఇలా అంటుకునే క్యాన్సర్లు అతి తక్కువ. టాస్మేనియన్ డెవిల్ అనే ఆస్ట్రేలియా జంతువు ముఖంపై వచ్చే రెండు కణితులు, ఆల్చిప్పల వంటి కొన్ని సముద్ర జీవులలో వచ్చే రక్త క్యాన్సర్లు తప్ప ఇప్పటివరకు చెప్పుకోదగినవి లేవు. టాస్మేనియాలో 1996లో మొదట గమనించిన ఆ కణితి ఆ జంతువు మనుగడకే ముప్పు తెచ్చింది. కుక్కలోని కణితి మాత్రం వేల ఏళ్లుగా కుక్క జాతిని తుడిచిపెట్టకుండా దానితో కలిసి బతుకుతోంది. ఆ తేడా ఎందుకన్నది తెలుసుకుంటే మనుషుల క్యాన్సర్ చికిత్సకూ ఉపయోగం ఉంటుందన్న నమ్మకంతోనే నాలాంటివారు ఈ పని చేస్తున్నారు.

ఈ కణితిని తుడిచిపెట్టడం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌లో ఒకప్పుడు ఇది ఉండేది, వీధులలో యజమాని లేని కుక్కలు తిరగకుండా తెచ్చిన నియంత్రణ వల్ల 20వ శతాబ్దంలో అది కనుమరుగైంది. దీనికోసం ప్రత్యేకంగా ఏ కార్యక్రమమూ పెట్టకుండానే అక్కడ అది సాధ్యపడింది.

విశ్రాంత పాథాలజీ అధ్యాపకుడు

రాయలసీమ డాక్టరుగారు ముక్కులోని స్మియర్ గురించి చెప్పినది ఆచరణలో సమంజసమే. అయితే రెండు మూడు మోతాదుల విన్‌క్రిస్టిన్ తర్వాత కూడా ముక్కులోని గడ్డ చెప్పుకోదగినంత తగ్గకపోతే, అప్పుడైనా ఆగి బయాప్సీ చేయించమని కోరుతున్నాను. టీవీటీ అనుకుని లింఫోమాకు విన్‌క్రిస్టిన్ ఒక్కటే ఇస్తే మొదట కొంత తగ్గినట్లే కనిపిస్తుంది, ఆ తర్వాత మందుకు లొంగని స్థితికి చేరుతుంది. ఆలస్యమైన కొద్దీ ఆ కుక్కకు చేయగలిగినది తగ్గిపోతుంది.

ముక్క తీసి పంపేవారికి ఒక్క సూచన. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల పాథాలజీ విభాగాలకైనా, మరే ప్రయోగశాలకైనా పంపే ముక్క మందం ఒక సెంటీమీటరు మించకూడదు, 10 శాతం ఫార్మలిన్ ద్రావణం ముక్కకు కనీసం పది రెట్లు ఉండాలి. మూతి ఇరుకైన సీసాలో కుక్కితే, గట్టిపడిన తర్వాత ముక్క బయటకు రాదు. కణితి నల్లబడి చనిపోయిన చోట కాకుండా, అంచున తాజాగా ఉన్న భాగం తీయండి. స్మియర్ స్లైడులను గాలికి ఆరబెట్టి, ఫార్మలిన్ సీసాతో కలిపి ఒకే పెట్టెలో ఎప్పుడూ పంపకండి. ఆ ఆవిరి తగిలితే కణాలు రంగు సరిగా పట్టుకోవు, అంత శ్రమపడి తీసిన స్లైడు పనికిరాకుండా పోతుంది. కుక్క వయసు, ఆడో మగో, కణితి ఎక్కడ ఉంది, ఎంతకాలంగా ఉంది, ఇప్పటికే ఏ మందు ఎన్ని మోతాదులు ఇచ్చారు అన్న వివరాలు చీటీ మీద పెన్సిలుతో రాయండి, సిరా అయితే ఫార్మలిన్ తగిలి చెరిగిపోతుంది.

టీచర్ గారూ, వచ్చే వారం రెండో ఇంజెక్షన్‌కు వెళ్లినప్పుడు, కొత్త స్మియర్ ఒకటి తీసి మొదటి స్లైడుతో పోల్చి చూపించమని మీ డాక్టరుగారిని అడగండి. అప్పటికే లింఫోసైట్లు చేరడం మొదలైతే, అవి కణితి కణాల కంటే చాలా చిన్నవిగా, ముదురు ఊదా రంగు కేంద్రకంతో మీకే స్పష్టంగా కనిపిస్తాయి.